న్యూట్రాన్ నక్షత్రాల ఢీ – ఒక రిటైర్డు గుమాస్తా లెక్క

(పెన్షనర్ల దినోత్సవం నాడు సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన నెల కార్యవర్గ సమావేశంలో కార్యదర్శి గారు ఒక మాటన్నారు. "ఏటా డి.ఆర్. బకాయిలు, పి.ఆర్.సి., హెల్త్ కార్డులు, ఇవే మాట్లాడుకుంటున్నాం. ఈసారి ఎవరైనా వేరే సంగతి చెప్పండయ్యా" అన్నారు. ఎవరూ చెయ్యెత్తలేదు. నేను ఎత్తాను. ఏం చెబుతావని అడిగితే, రెండు నక్షత్రాలు గుద్దుకోవడం గురించి చెబుతానన్నాను. కోశాధికారి గారు నవ్వి, "మన గ్రహచారం చాలదా, నక్షత్రాలు కూడానా" అన్నారు. అయినా ఇరవై నిమిషాలు ఇచ్చారు. కృతజ్ఞతలు.

నేడు డిసెంబరు 17. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షను అన్నది యజమాని దయతో పారేసేది కాదు, ఉద్యోగి హక్కు అని తేల్చింది. అందుకే మనం ఈ రోజు పండుగ చేసుకుంటున్నాం. నేను చెప్పబోయేది కూడా ఒక 17వ తేదీ సంగతే. అది 2017 ఆగస్టు 17. ఆ రోజు అమెరికాలోని లైగో, ఇటలీలోని విర్గో అనే పరికరాలు ఒక అలను పట్టుకున్నాయి. 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి తిరిగి ఢీకొన్నప్పుడు పుట్టిన అల అది. 13 కోట్ల కాంతి సంవత్సరాలంటే, ఆ ఢీ జరిగేనాటికి మన భూమి మీద రాక్షసిబల్లులు తిరుగుతున్నాయి. తపాలా ఆలస్యం గురించి మనం ఇకమీదట ఫిర్యాదు చేయనక్కరలేదు.

నా గురించి కొత్త సభ్యులకు రెండు మాటలు. నేను 1973లో గుమాస్తాగా చేరి 2009లో సీనియర్ అసిస్టెంటుగా దిగాను. డిగ్రీలో లెక్కలు చదివినా, ఉద్యోగంలో కూడికలు, తీసివేతలు దాటి పోలేదు. ఈ నక్షత్రాల సంగతి నాకు మా మనవరాలి వల్ల తెలిసింది. ఆ అమ్మాయి జర్మనీలో పరిశోధన చేస్తోంది. రెండేళ్ల క్రితం సెలవు మీద వచ్చినప్పుడు హాల్లో కూర్చుని కంప్యూటరు తెర చూస్తుంటే నేనూ తొంగి చూశాను. రెండు ఎర్రటి ముద్దలు గిరగిరా తిరుగుతూ ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి. "ఏమిటమ్మా, రెండు గారెలు నూనెలో తిరుగుతున్నట్లున్నాయి?" అన్నాను. "గారెలే తాతయ్యా, ఒక్కొక్కటి మన సూర్యుడికంటే బరువు" అన్నది.

పెద్ద నక్షత్రం ఇంధనం అయిపోయి పేలినప్పుడు దాని నడిమి భాగం తన బరువుకు తానే కుంగిపోతుంది. అణువుల మధ్య ఉండే ఖాళీ అంతా నలిగిపోయి ఎక్కువభాగం న్యూట్రాన్లే మిగులుతాయి. సూర్యుడికి ఒకటిన్నర రెట్ల దాకా ఉండే బరువు 20, 25 కిలోమీటర్ల అడ్డకొలతలో ఇమిడిపోతుంది. మన జిల్లాలో రెండు మండలాల మీద పెట్టవచ్చు. అందులోంచి ఒక చెంచాడు తీసి తూచగలిగితే కొన్ని వందల కోట్ల టన్నులు తూగుతుంది. 1932లో చాడ్విక్ న్యూట్రానును కనుక్కున్నాడు. రెండేళ్లు తిరక్కుండానే, 1934లో, బాడే, జ్వికీ అనే ఇద్దరు ఇలాంటి నక్షత్రాలు ఉండవచ్చని కాగితం మీద రాశారు. ఎవరూ పట్టించుకోలేదు. 1967లో జోసిలిన్ బెల్ అనే విద్యార్థిని ఇంగ్లండులో రేడియో దూరదర్శిని కాగితాల చుట్టలు గజాల కొద్దీ పరిశీలిస్తూ, సెకనుం పావుకు కాస్త ఎక్కువగా, గడియారం కొట్టినట్లు వస్తున్న ఒక చప్పుడును గుర్తుపట్టింది. అది తిరిగే న్యూట్రాన్ నక్షత్రం. 1974లో దానికి నోబెల్ బహుమతి ఆమె గురువుగారికి వచ్చింది, ఆమెకు రాలేదు. కింద గుమాస్తా రాసిన నోటు మీద పైవారి పేరు ఉండడం మనకు కొత్త కాదు గనుక ఆ సంగతి నాకు బాగా గుర్తుండిపోయింది.

అదే 1974లో హల్స్, టేలర్ అనేవారు జంట న్యూట్రాన్ నక్షత్రాలను కనుక్కున్నారు. అవి 7 గంటల 45 నిమిషాలకు ఒకసారి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. ఆ చుట్టు ఏటేటా సెకనులో పదిలక్షల వంతులు 76 చొప్పున తగ్గుతోంది. అంటే దగ్గర పడుతున్నాయి. శక్తి అలల రూపంలో జారిపోతోంది. సుమారు 30 కోట్ల సంవత్సరాలకు అవి ఢీకొంటాయి. 1993లో దీనికి నోబెల్ ఇచ్చారు. హల్స్ కూడా అప్పట్లో విద్యార్థే. ఈసారి శిష్యుడికీ ఇచ్చారు. ఇరవై ఏళ్లలో అంతమాత్రం మార్పు వచ్చిందన్నమాట.

ఇక అసలు సంగతికి వస్తాను. మనం చిన్నప్పుడు బళ్లో భూభ్రమణం, భూపరిభ్రమణం అని చదువుకున్నాం. ఈ జంట నక్షత్రాలకూ రెండూ ఉన్నాయి. ఇద్దరు ఆడపిల్లలు చేతులు పట్టుకుని ఒప్పులకుప్ప ఆడుతున్నారనుకోండి. అది పరిభ్రమణం. ఆ ఇద్దరూ మనుషులు కాక రెండు బొంగరాలై, తిరుగుతూనే తమ చుట్టూ తాము కూడా తిరుగుతుంటే అది భ్రమణం. దీనిని వాళ్లు స్పిన్ అంటారు. నేనూ స్పిన్ అనే అంటాను. హల్స్, టేలర్ చూసిన నక్షత్రం సెకనుకు 17 సార్లు తన చుట్టూ తాను తిరుగుతుంది. 2003లో దొరికిన మరో జంటలో ఒకటి సెకనుకు 44 సార్లు, రెండోది రెండుముప్పావు సెకన్లకు ఒకసారి. 2004లో ఒక ఒంటి పల్సార్ కాని పల్సారును, అంటే మామూలు నక్షత్రం తోడున్నదాన్ని, కనుక్కున్నారు. అది సెకనుకు 716 సార్లు తిరుగుతుంది. మన వంటింటి మిక్సీని మూడో నంబరులో పెట్టినా అంత వేగం రాదు.

ఆ రెండు బొంగరాలు ఢీకొంటే ఏమవుతుంది? స్పిన్ ఉంటే ఒకలాగా, లేకపోతే ఒకలాగా ఉంటుందా? ఇది ప్రయోగశాలలో చేసి చూసేది కాదు. లెక్క కట్టి చూడవలసిందే. ఆ లెక్క కట్టే విధానం చెబితే మీరు ఆశ్చర్యపోతారు. అది మన లెడ్జరే.

నక్షత్రాలున్న చోటునంతా చిన్న చిన్న గడులుగా విడగొడతారు. నక్షత్రాల దగ్గర ఒక్కొక్క గడి నూటయాభై, రెండువందల మీటర్లుంటుంది. ప్రతి గడిలోనూ అక్కడి పదార్థం ఎంత చిక్కగా ఉంది, ఎటు ఎంత వేగంతో పోతోంది, ఆ చోట స్థలమూ కాలమూ ఎంత వంగాయి అని అంకెలు వేస్తారు. తరువాత సెకనులో పదిలక్షో వంతుకన్నా తక్కువ కాలం ముందుకు జరిపి, పక్క గడుల అంకెలను బట్టి ప్రతి గడికీ కొత్త అంకె కడతారు. ఆ పేజీ మొత్తాన్ని తరువాతి పేజీకి తీసుకుపోతారు. మళ్లీ కడతారు. ఇలా వేలకొద్దీ కంప్యూటర్ల మెదళ్లు వారాల తరబడి కూడితే, నక్షత్రాల జీవితంలో సెకనులో ఇరవయ్యో వంతు గడుస్తుంది. చివరి పది పన్నెండు చుట్లు, ఆ తరువాత ఢీ, అంతే. ఐన్‌స్టీన్ సిద్ధాంతాన్ని పూర్తిగా పాటిస్తూ ఇలాంటి లెక్క మొదట కట్టి 2000 సంవత్సరంలో ప్రచురించినవారు జపానుకు చెందిన షిబాతా, ఉర్యూ.

ఇందులో నాకు ఎంతో నచ్చిన విషయం ఒకటుంది. ఐన్‌స్టీన్ సమీకరణాలు పది. లెక్క కట్టేటప్పుడు వాటిలో ఆరు ఒక పేజీ నుంచి తరువాతి పేజీకి అంకెలు మోసుకుపోవడానికి. మిగిలిన నాలుగు టాలీ చూసుకోవడానికి! ప్రతి క్షణంలోనూ ఆ నాలుగూ సున్నా తేలాలి. తేలకపోతే ఎక్కడో తప్పు దొర్లినట్లు. పూర్తిగా సున్నా ఎప్పుడూ రాదు, ఎంత దగ్గరగా వచ్చిందో చూస్తారు. అంతటితో వదలరు. అదే లెక్కను గడులు ఇంకా చిన్నవి చేసి మళ్లీ కడతారు, ఇంకా చిన్నవి చేసి మూడోసారి కడతారు. మూడు జవాబులూ ఒకే వైపు చేరుతుంటే నమ్ముతారు. "మీకు ఆడిట్ వేరే ఉండదా?" అని అడిగాను. "ఇదే మాకు ఆడిట్" అన్నది మా అమ్మాయి.

ఈ లెడ్జరుకు ఓపెనింగ్ బ్యాలెన్సు ముఖ్యం. మొదటి పేజీలోనే ఆ నాలుగు టాలీలు కుదరాలి. చిక్కంతా అక్కడే వచ్చింది. తమ చుట్టూ తాము ఇష్టమొచ్చిన వేగంతో తిరిగే రెండు నక్షత్రాలకు, నాలుగు టాలీలూ కుదిరే ఓపెనింగ్ బ్యాలెన్సు కట్టే పద్ధతి చాలాకాలం లేదు. రెండు తేలిక దారులు మాత్రం ఉండేవి. ఒకటి గానుగెద్దు దారి. గానుగెద్దు ఎప్పుడూ ఒకే పక్కను రోలు వైపు పెట్టి తిరుగుతుంది కదా, చంద్రుడు మనకు ఒకే ముఖం చూపించినట్లు. నక్షత్రాలు కూడా అలాగే తిరుగుతాయనుకోవడం. అయితే 1992లోనే కొచానెక్ ఒకవైపు, బిల్డ్‌స్టెన్, కట్లర్ మరోవైపు అది కుదరదని చూపించారు. న్యూట్రాన్ పదార్థానికి అంత జిగురు లేదు, ఆఖరి ఘడియలో ఒకదాన్నొకటి అలా బిగించుకునేంత సమయమూ లేదు. ఇక మిగిలింది రెండో దారి. స్పిన్ కాలంలో సున్నా వేయడం. ఏళ్ల తరబడి దాదాపు అన్ని లెక్కలూ ఆ సున్నాతోనే నడిచాయి.

"ఇన్నేళ్లూ తెలియక సున్నా వేశారా?" అన్నాను. మా అమ్మాయికి కొంచెం కోపం వచ్చింది. "తెలియక కాదు తాతయ్యా. చిన్నదని తెలిసి వేశారు. పుట్టినప్పుడు ఎంత వేగంగా తిరిగినా, ఢీకొనేదాకా పట్టే కోట్ల ఏళ్లలో నెమ్మదిస్తుంది. చివరి చుట్లలో అవి సెకనుకు కొన్ని వందల సార్లు పరిభ్రమిస్తుంటే, సెకనుకు పదీ ఇరవై సార్ల స్పిన్ ఏపాటి?" అన్నది. సరే, న్యాయమే. కాని నేను ఊరుకోలేదు. "చిన్నది అనడం వేరు, లేదు అనడం వేరమ్మా" అన్నాను. ఎందుకు అంత గట్టిగా అన్నానో అప్పుడు తనకు తెలియదు. ఆ రాత్రి చెప్పాను. అప్పటిదాకా మా ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

1986లో నేను పనిచేస్తున్న కార్యాలయంలో ఒక అటెండరు సర్వీసులో ఉండగానే చనిపోయాడు. మా దగ్గర అతని సర్వీసు ఐదేళ్లు. అంతకుముందు వేరే జిల్లాలో వేరే కార్యాలయంలో చేశాడని అందరూ అనుకునేవారు గాని, ఆ భాగం సర్వీసు రిజిస్టరు మా దగ్గరకు రాలేదు. పెన్షను ప్రతిపాదనలు తయారు చేయవలసిన సీటు నాది. ఆ కార్యాలయానికి ఉత్తరం రాశాను. జవాబు లేదు. రిమైండరు రాశాను. జవాబు లేదు. మార్చి నెలాఖరు వచ్చింది. మార్చి నెలాఖరు అంటే ఏమిటో ఇక్కడ ఎవరికీ వివరించనక్కరలేదు. ఫారంలో పూర్వపు సర్వీసు అని ఒక కాలం ఉంది. "సమాచారం రావలసి ఉన్నది" అని రాస్తే అబ్జెక్షనుతో ఫైలు తిరిగి వస్తుంది. ఖాళీ వదిలినా తిరిగి వస్తుంది. నేను "నిల్" అని రాశాను. పై ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఫైలు ఎక్కడా ఆగకుండా వెళ్లిపోయింది. తెలియదు అని రాస్తే ఆగుతుంది, లేదు అని రాస్తే పోతుంది. ఆ రోజు నేను తొందరగా ఇంటికి వెళ్లి భోజనం చేసిన గుర్తు కూడా ఉంది.

ఏడేళ్ల సర్వీసు నిండినవాడు పోతే కుటుంబానికి మొదట కొన్నేళ్లపాటు ఎక్కువ రేటు పెన్షను వస్తుందని మనందరికీ తెలుసు. ఆవిడకు మామూలు రేటే మంజూరైంది. గ్రాట్యుటీ కూడా ఐదేళ్లకే కట్టారు. ఏడాదిన్నర తరువాత ఒక మధ్యాహ్నం ఆవిడ మా ఆఫీసుకు వచ్చింది. భర్త పాత కార్యాలయంలో ఎవరో చెప్పి పంపారట. ప్లాస్టిక్ సంచిలో మడిచి పెట్టిన నియామకపు ఉత్తర్వు తీసి నా బల్ల మీద పరిచింది. నాలుగేళ్ల పూర్వపు సర్వీసు. ఐదూ నాలుగూ తొమ్మిది. నేను చూస్తుండగానే ఆవిడ ఒక మాట అడిగింది. "నాలుగేళ్లు చాకిరీ చేస్తే లేదని ఎవరు రాశారు బాబూ?"

"పైనుంచి అలా వచ్చిందమ్మా" అన్నాను.

అది అబద్ధం. రాసిన చెయ్యి అదే బల్ల మీద ఉంది.

సవరణ ప్రతిపాదనలు నేనే పెట్టాను. ఆ పాత కార్యాలయానికి సెలవు పెట్టి నా ఖర్చులతో స్వయంగా వెళ్లి సర్వీసు వెరిఫికేషన్ తెచ్చాను. అది వీరత్వం కాదు, మొదటే చేయవలసిన పని. సవరించిన మంజూరు రావడానికి పదకొండు నెలలు పట్టింది. ఆ మధ్యలో ఆవిడ చెవుల దుద్దులు తాకట్టు పెట్టి పిల్లవాడి ఫీజు కట్టిందని తరువాత తెలిసింది. బకాయిలు చేతికొచ్చిన రోజున ఆవిడ మా ఆఫీసుకు వచ్చి, "మీ వల్లే వచ్చింది బాబూ" అని ఒక గుడ్డసంచి నిండా జామపళ్లు నా బల్ల మీద పెట్టి వెళ్లింది. సెక్షనులో అందరూ తిన్నారు. నేను తినలేదు. ఆవిడకు నిజం చెప్పడానికి నాకు ఇంకా ఇరవై ఏళ్ల సర్వీసు ఉండింది. చెప్పలేదు. ఇప్పుడు ఆవిడ లేరు.

మా అమ్మాయి ఇదంతా విని ఏమీ అనలేదు. కాసేపటికి కంప్యూటరులో ఒక పట్టిక తీసి నా ముందు పెట్టింది. 2017లో ఆ ఢీని పట్టుకున్నవాళ్లు ప్రచురించిన పట్టిక. అందులో రెండు కాలాలు ఉన్నాయి.

అదేమిటో చెబుతాను. ఆ అల సుమారు 100 సెకన్లు వినిపించింది. అందులో సుమారు 3000 ఊపులు. ఆ ఊపులు ఎంత త్వరగా దగ్గరపడ్డాయో చూసి నక్షత్రాల బరువు కడతారు. రెండు బరువులూ కలగలిసిన ఒక రకం అంకె మాత్రం చాలా ఖచ్చితంగా తేలుతుంది. కాని ఏ నక్షత్రం బరువు ఎంత అని విడదీయాలంటే స్పిన్ అడ్డం వస్తుంది. ఎందుకంటే స్పిన్ వల్ల కలిగే తేడా, బరువుల్లో హెచ్చుతగ్గుల వల్ల కలిగే తేడా అలలో దాదాపు ఒకేలా కనబడతాయి. మనకు నికర జీతం మాత్రం తెలిసి, మూలవేతనం ఎంతో, కోతలు ఎంతో తెలియనప్పటి పరిస్థితి. కోతలు తక్కువేనని అనుకుంటే మూలవేతనం దగ్గర దగ్గరగా చెప్పవచ్చు. కోతలు ఎంతైనా ఉండవచ్చనుకుంటే చెప్పలేం.

వాళ్లు ఏం చేశారంటే, రెండూ రాశారు. ఒక కాలంలో, మన పాలపుంతలో చూసిన జంటల్లాగా స్పిన్ తక్కువే ఉందనుకుంటే ఒక నక్షత్రం సూర్యుడికి 1.36 నుంచి 1.60 రెట్లు, రెండోది 1.17 నుంచి 1.36 రెట్లు. రెండో కాలంలో, స్పిన్ ఎంత పెద్దదైనా ఉండవచ్చనుకుంటే మొదటిది 1.36 నుంచి 2.26, రెండోది 0.86 నుంచి 1.36. రెండు కాలాలూ పక్కపక్కనే. ఏది నిజమో మాకు అల ఒక్కటే చెప్పడం లేదు అని ఒప్పుకుని, ప్రపంచమంతా చూస్తున్న ఫైలును అలాగే పంపారు. అబ్జెక్షను ఎవరూ పెట్టలేదు. 2019 ఏప్రిల్‌లో మరో జంట ఢీ దొరికినప్పుడూ ఇలాగే రెండు విధాలుగా రాశారు. నేను ఆ పట్టికను చాలాసేపు చూశాను.

ఆ సున్నాను మార్చే పని అప్పటికే మొదలయింది. టిహీ అనే ఆయన 2011, 2012 ప్రాంతంలో, కావలసినంత స్పిన్‌తో ఓపెనింగ్ బ్యాలెన్సు కట్టే పద్ధతి చూపించారు. 2014లో బెర్నూట్సీ, డీట్రిచ్, టిహీ, బ్రూగ్మన్ కలిసి నిజంగా ఉండదగిన స్పిన్‌తో ఢీని నడిపి చూపించారు. అప్పటినుంచి చాలామంది చేస్తున్నారు. ఏం తేలిందో నాకు అర్థమైనంత చెబుతాను.

నక్షత్రాలు పరిభ్రమించే వైపే తమ చుట్టూ తాము కూడా తిరుగుతుంటే వాటి మధ్య ఒక రకమైన తోపు పుడుతుంది. న్యూటన్ లెక్కలో ఇది లేదు, ఐన్‌స్టీన్ లెక్కలోనే ఉంది. దాంతో ఢీ ఆలస్యమవుతుంది. ఇంకొన్ని చుట్లు ఎక్కువ తిరిగి కలుస్తాయి. ఎదురు దిశలో తిరుగుతుంటే తొందరగా పడిపోతాయి. బొంగరం ఒరిగినట్లు స్పిన్ ఒక పక్కకు వాలి ఉంటే, తిరిగే తలమే ఊగిసలాడుతుంది. మరీ వేగంగా తిరిగే నక్షత్రం నడుము దగ్గర ఉబ్బుతుంది, ఇడ్లీలాగా. ఆ ఉబ్బు వల్ల మళ్లీ ఆకర్షణ కొంచెం పెరుగుతుంది. ఇవన్నీ ఒకదాన్నొకటి కొంత కొట్టేసుకుంటూ, కొంత కూడుకుంటూ ఉంటాయి. అందుకే నోటి లెక్కకు అందదు.

ఢీ తరువాతిది ఇంకా ముఖ్యం. కలిసిన ముద్ద వెంటనే కృష్ణబిలమైపోతుందా, కాసేపు నిలుస్తుందా అన్నది బరువు మీద, ఆ పదార్థం ఎంత గట్టిది అన్నదాని మీద ఆధారపడుతుంది. స్పిన్ కూడా అక్కడ చెయ్యి వేస్తుంది. తిరుగుడు ఎక్కువ మిగిలితే ముద్ద కుంగకుండా ఇంకాస్త ఆగగలదు. 2024లో రోస్వాగ్, డీనర్, వారి సహచరులు ప్రచురించిన లెక్కలో ఒక నక్షత్రం మాత్రమే మహావేగంగా తిరుగుతోంది, రెండోది తిరగడం లేదు. అందులో గురుత్వ అలలు బలహీనంగాను, ఢీ తరువాత కనిపించే వెలుగు ఎక్కువగాను వచ్చాయి. అలాంటి జంటలు అరుదే. కాని నక్షత్రాలు కిక్కిరిసి ఉండే గుచ్ఛాలలో జోడీలు మారుతుంటాయి గనుక, ఇదివరకే ఒకరి దగ్గర పదార్థం లాక్కుని వేగం పుంజుకున్న పాత బొంగరం ఇంకో న్యూట్రాన్ నక్షత్రానికి తోడు కావచ్చు. సెకనుకు 716 సార్లు తిరిగేది కూడా అలాంటి గుచ్ఛంలోదే. అరుదు అనే కారణంతో సున్నా వేయకుండా లెక్క కట్టారు, అది నాకు సంతోషం.

వెలుగు అన్నాను కదా. ఢీలో బయటికి చిమ్మిన పదార్థంలో న్యూట్రాన్లు వర్షంలా పడి బరువైన మూలకాలు తయారవుతాయి. 2017లో అల వచ్చిన 1.7 సెకన్లకు గామా కిరణాల మెరుపు కనబడింది. తరువాత రోజుల తరబడి ఆ చోట వెలుగు నీలం నుంచి ఎరుపుకు దిగింది. అందులో స్ట్రాన్షియం ఉన్నట్లు 2019లో గుర్తుపట్టారు. బంగారం, ప్లాటినం వంటివి కూడా ఇలాంటి ఢీల్లో పుడతాయని చెబుతున్నారు. ఎంత పుడుతుందన్నది ఎంత పదార్థం చిమ్మిందన్నదాని మీద, అది కొంతవరకు స్పిన్ మీద ఆధారపడుతుంది. అంటే ఇక్కడున్న అక్కచెల్లెళ్ల మెడలో ఉన్నదానికీ, ఆ కాలంలో వేసే అంకెకూ చుట్టరికం ఉంది. ఆ మాట మా అమ్మాయి అన్నప్పుడు నాకు ఆవిడ చెవుల దుద్దులు గుర్తొచ్చాయి. దానికేం చేస్తాం.

మన దేశానికి ఇందులో సంబంధం లేదనుకోకండి. పుణె దగ్గర ఖొడద్‌లో ఉన్న జి.ఎం.ఆర్.టి. రేడియో దూరదర్శిని 2017 నాటి ఆ ఢీ మిగిల్చిన రేడియో వెలుగును గమనించిన వాటిలో ఒకటి. లైగో వంటి పరికరాన్నే, నాలుగేసి కిలోమీటర్ల రెండు చేతులతో, మన దేశంలో కట్టడానికి 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం సుమారు 2600 కోట్ల రూపాయలకు ఆమోదం ఇచ్చింది. స్థలం మహారాష్ట్రలో హింగోలి జిల్లా, ఔంఢా నాగనాథ్ దగ్గర. మనలో పాత హైదరాబాదు రాష్ట్రం రికార్డులు తిరగేసినవారికి హింగోలి కొత్త పేరు కాదు. 1956 దాకా అది పర్భణీ జిల్లాలో, హైదరాబాదు రాష్ట్రంలోనే ఉండేది. ఇంకొక పరికరం దూరంగా ఉంటే అల ఎటునుంచి వచ్చిందో ఇప్పటికంటే బాగా తెలుస్తుంది.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఒక్క మనవితో ఆపుతాను. వచ్చే సంవత్సరం మన సంఘం తీర్థయాత్రకు ఎక్కడికి పోవాలో ఇంకా తీర్మానం కాలేదు. ఔంఢా నాగనాథ్‌ను జ్యోతిర్లింగ క్షేత్రంగా కొలుస్తారు. సికింద్రాబాదులో రైలెక్కితే నాందేడ్‌లో దిగవచ్చు, అక్కడ గురుద్వారా కూడా చూడవచ్చు, ఆపైన బస్సు. పరికరం కట్టడం పూర్తికావడానికి ఇంకా ఏళ్లు పడుతుంది కనుక ఇప్పుడు పోతే చూసేది నేల మాత్రమే. అయినా నా పేరు ఇప్పుడే రాసుకోండి. నాతో ఇద్దరు, మా మనవరాలు ఆ సమయానికి సెలవు మీద వస్తే ముగ్గురు. వస్తుందో రాదో ఇంకా తెలియదు, ఆ గడి ప్రస్తుతానికి ఖాళీగా ఉంచండి.